ఇన్‌స్పెక్టరుగారి మరచెంబు

మొన్న ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చారు. "సార్, మీరు ఇన్నేళ్ళు చేశారు కదా, ఉద్యోగంలో నిజాయితీగా ఉండడానికి ఓ పది సూత్రాలు రాసివ్వండి, ఆఫీసు గోడకి అంటిస్తాం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. గోడకి అంటించినవి బల్లులు చదువుకోవాలి గాని మనుషులెవరు చదువుతారు? అయినా పాపం మంచి పిల్లలే, మా ఆవిడ పెట్టిన జంతికలు తింటూ బుద్ధిగా కూర్చున్నారు. అందుకని తిట్టలేదు. సూత్రాలకి బదులు ఒక మరచెంబు సంగతి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో వాళ్ళ బస్సు టైమైపోయింది. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అరవైల చివర్లో మాట. మశూచి ఇంకా మన దేశం వదిలిపెట్టని రోజులు. నేను టీకాలు వేసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. నా పైన హెల్త్ ఇన్‌స్పెక్టరుగారు. విజయనగరం దగ్గర ఒక అగ్రహారంలో పుట్టినాయన. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల పంచె, చేతిలో గొడుగు, భుజాన గుడ్డ సంచీ. ఆ సంచీలో ఇత్తడి మరచెంబు. మరచెంబంటే ఇప్పటివాళ్ళకి తెలీదు. మూత మర తిప్పి బిగించే చెంబు. ఒలికిపోకుండా ఇంటి నీళ్ళు ప్రయాణంలో పట్టుకెళ్ళడానికి వాడేవారు. బయటివాళ్ళ నీళ్ళు ముట్టని ఆచారపరుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

నా సంగతి కూడా చెప్పాలి. నాది నౌపడ దగ్గర పేట. ఊరికి విడిగా, ఊరి బావిలో చేద వెయ్యనివ్వని మావాళ్ళ ఇళ్ళుండే చోటు. మా అయ్య ఉప్పు కొఠార్లలో కూలి చేసేవాడు. ఎండలో ఆ ఉప్పు మీద నడిచీ నడిచీ ఆయన పాదాలు పగిలిపోయాయి. నేను మాత్రం నీడపట్టున బతకాలని చదివించాడు. తీరా నాకొచ్చింది ఎండలో ఊరూరా తిరిగే ఉద్యోగం. "ఏటి సేస్తాం, చెప్పులేసుకుని తిరుగుతావు కదా, అదే పదేలు" అని మురిసిపోయాడు.

మొదటి రోజే ఇన్‌స్పెక్టరుగారు నన్ను ఆఫీసు వరండాలో నిలబెట్టి చెప్పారు. "చూడవోయ్, నాకు కొన్ని పట్టింపులున్నాయి. నాతో తిరిగేవాడికి కూడా ఉండాలి. నువ్వు చూడనిది చూశానని రాయకు. టీకా వేస్తే జ్వరం రాదని ఎవరికీ చెప్పకు, వస్తుంది. వాళ్ళ మంచికోసమైనా సరే, జనంతో అబద్ధమాడకు. పనిమీద వెళ్ళిన ఊళ్ళో ఎవరింటా మంచినీళ్ళు కూడా ముట్టకు."

చివరిదానికి ఒక కారణం ఉంది. అదీ ఆయనే చెప్పారు. కొత్తలో ఆయన ఒక టౌనులో పనిచేసేటప్పుడు రోజూ ఒక హోటల్లో కాఫీ తాగేవారట. యజమాని ఆప్యాయంగా పోసి ఇచ్చేవాడు. కొన్నాళ్ళకి ఆ హోటలు పాలే పరీక్షకి పట్టాల్సి వచ్చింది. పాలు నిజంగా బాగానే ఉన్నాయి, ఆ మాటే రాశారు. కాని బజార్లో ఒక్కడు నమ్మలేదు. "ఆయన మన మనిషేనండీ, మన కాఫీయే తాగుతాడు" అని ఆ యజమానే గొప్పగా చెప్పుకు తిరిగాడట. "నిజం రాసినా అబద్ధమై కూర్చుందోయ్, ఒక్క గ్లాసు కాఫీకి" అనేవారు. అప్పట్నుంచే మరచెంబు.

మనిషి బంగారం. ఆఫీసులో ఒక పెద్దమనిషి నా కుర్చీ విడిగా గోడవారన వేయిస్తే, ఈయన కిమ్మనకుండా లేచి ఆ కుర్చీ మోసుకొచ్చి తన బల్ల పక్కన వేశారు. పని చెయ్యి పట్టుకుని నేర్పారు. కోప్పడితే పనికే కోప్పడేవారు, నాకు కాదు. ఆయనంటే నాకు అయ్య తర్వాత అయ్యంత.

కాని మధ్యాహ్నం భోజనాల వేళ నాకొక సందేహం వచ్చి కూర్చునేది. ఆయన సంచీలోంచి చెంబు తీసి, మూత తిప్పి, తాగి, మళ్ళీ బిగించేవారు. నేను కడిగిన మందుసీసాలో తెచ్చుకున్న నీళ్ళు తాగేవాణ్ణి. ఒకసారి రామతీర్థం వెళ్ళే దారిలో నా సీసా రాయికి తగిలి పగిలింది. మంచి ఎండ. "అయ్యయ్యో" అని ఆయన నన్ను అరకోసు దూరంలో ఉన్న బావి దాకా తీసుకెళ్ళారు. నేను నుయ్యి ముట్టుకోకూడదు కదా, ఎవరో ఒక తల్లి వచ్చి నా దోసిట్లో నీళ్ళు పోసేదాకా నా నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. చెంబు మాత్రం సంచీలోంచి బయటికి రాలేదు. ఆయన మంచితనానికి నాకు కళ్ళు చెమర్చాయి. గొంతు మాత్రం ఎండిపోయి ఉంది. ఇది పట్టింపా, ఇంకోటా? అడిగే ధైర్యం నాకు లేదు. అడిగితే ఆయన అబద్ధమాడరు. నా భయమంతా అదే.

ఆ వేసవిలో రాజాం అవతల ఒక ఊరి నుంచి కబురొచ్చింది. ఊరి పేటలో ఒక పిల్లాడికి అమ్మవారు పోసిందని. బస్సు దిగి, చోడి, అంటే రాగి, కోసేసిన చేల గట్లమీద పడి నడిచి వెళ్ళాం. పేట మొదట్లోనే ఆ ఇల్లు. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఒక పెద్దావిడ, ఆవిడ కోడలు, ఇద్దరు పిల్లలు. మగపిల్లాడు లోపల వేపాకు పక్క మీద ఉన్నాడు. కోడలి ఒళ్ళో ఆడపిల్ల, ఇంకా కూర్చోవడం కూడా రాని పసిగుడ్డు. దానికి టీకా పడలేదు. ఒకే గదిలో అన్న మశూచితో, చెల్లి పక్కన.  వెంటనే పిల్లకి టీకా వేస్తే కాపాడొచ్చు, రోజులు గడిచే కొద్దీ ఆ ఆశ సన్నగిల్లుతుంది. ఆ పెద్దావిడ మాటే పేటంతా వింటుందని కూడా అక్కడే తెలిసింది. ఆవిడ సరేనంటే మిగతా ఇళ్ళన్నీ తలుపులు తీస్తాయి.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏ ఊరు నాయనా మీది?"

చెప్పాను. మావాళ్ళెవరో కూడా అడిగింది. చెప్పాను.

"ఓలమ్మో, మనోడే! ఒసే కోడలా, మన పిలగాడే, సంచీ తగిలించుకుని ఉజ్జోగం సేస్తన్నాడు సూడవే!" అని నా రెండు బుగ్గలూ పుణికింది. ఆ ముసలి చేతులు ఇప్పటికీ నాకు తెలుస్తున్నాయి.

తర్వాత లోపలికెళ్ళి రెండు సత్తు గిన్నెల్లో చోడి అంబలి తెచ్చింది. "అమ్మోరున్న ఇల్లు బాబూ. గుమ్మంలోకొచ్చినోలు ఇంత సల్లటి అంబలి తాగీసి ఎల్తే తల్లి సల్లబడతాది. పిల్లోడి ఒళ్ళు సల్లబడతాది. తాగండి." ఆ పేటలో అది ఆనవాయితీ. అమ్మవారు పోసిన ఇంటికి ఎవరొచ్చినా చల్లటిది తాగి వెళ్ళాలి. తాగకుండా వెళ్తే ఆ వేడి ఇంట్లోనే ఉండిపోతుందని వాళ్ళ నమ్మకం.

ఇన్‌స్పెక్టరుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దమ్మా, మేం తాగం. మా నీళ్ళు మాకున్నాయి" అని సంచీ మీద తట్టి చూపించారు. మశూచి అంటుకుంటుందన్న భయం కాదు, మా ఇద్దరికీ టీకా ఉంది. పట్టింపు, అంతే.

ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు కూడానా నాయనా?"

నేను ఇన్‌స్పెక్టరుగారి మొహం చూశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఒద్దు పెద్దమ్మా" అన్నాను. అంతకంటే చిన్న మాట నా జీవితంలో అనలేదు, అంతకంటే బరువైంది కూడా అనలేదు. ఆవిడ గిన్నెలు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు మొహం మారిపోయింది. "పిల్లకి ఇయ్యాల ఒద్దు. రేపొచ్చి సూడండి" అంది. ఎంత చెప్పినా అదే మాట.

మర్నాడు వెళ్ళేసరికి పేటంతా తలుపులు మూసి ఉన్నాయి. పిల్లలొక్కరూ బయటలేరు. ఇన్‌స్పెక్టరుగారు పెద్దావిడ గుమ్మం ముందు నిలబడి పిలిచారు. చాలాసేపటికి తలుపు ఓరగా తీసి ఆవిడ బయటికొచ్చింది. రాత్రంతా నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి. పిల్లాడికి జ్వరం ఇంకా పెరిగింది.

"ఎందుకొచ్చినారు బాబూ? మా అంబలి మీకు పనికిరాదు. మా గిన్నె మీకు పనికిరాదు. నీ సెంబు నీళ్ళు నీకున్నాయి కదా. మా నెత్తురు మాత్రం నీ సూదికి పనికొస్తాదేటి?"

ఇన్‌స్పెక్టరుగారు తెల్లబోయారు. "అయ్యో, అది కాదమ్మా. నేను ఎవరింటా తాగను. మునసబుగారింట్లో కూడా తాగలేదు. లంచం లాంటిదని..."

"లంచవా?" ఆవిడ నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగోలేదు. "గంజి నీళ్ళకి గతిలేనోలం, నాను నీకు లంచవిస్తానా? దేనికిస్తాను బాబూ? నా మనవణ్ణి బాగు సెయ్యమని ఇచ్చినాను. నువ్వు తాగనేదు, ఆడికి వేడి తిరగనేదు. ఎల్లండి." నా వైపు చూడను కూడా చూడలేదు. తలుపు వేసేసింది.

తిరిగి గట్టు మీదికి వచ్చేసరికి గ్రామ మునసబు ఎదురొచ్చాడు. భారీ మనిషి, పేటలో సగం మందికి పని ఆయన పొలంలోనే. "ఏటి బాబుగారూ, ఆళ్ళు మాట ఇన్లేదా? ఒక్క మాట సెప్పండి. టీకా ఏయించుకోనోలకి రేప్పొద్దున్నించి నా సేలో పని నేదని కబురంపిస్తాను. వరసగా ఒచ్చి నిల్సుంటారు, సూడండి."

నిజానికి ఆ రోజుల్లో చాలా ఊళ్ళలో అలాగే జరిగేది. ఇన్‌స్పెక్టరుగారు ఒప్పుకోలేదు. "అలా వద్దండీ. నేను చేసిన తప్పుకి వాళ్ళ కూలి కోస్తారా?" అన్నారు. "మీ ఇష్టం బాబూ, మద్దిన నాకేటి" అని మునసబు వెళ్ళిపోయాడు.

నాకు వేరే ఉపాయం తట్టింది. "సార్, నిన్న మీకు ఉపవాసమని చెబుదామండీ. ఉపవాసమంటే ఎవరూ తప్పుపట్టరు. నాక్కూడా ఉపవాసమే అందాం. ఈరోజు తాగేద్దాం."

"నిన్న పొద్దున్న నేను పెరుగన్నం తిని వచ్చాను కదుటోయ్" అన్నారు, చాలా నీరసంగా.

"మీరు తిన్నట్టు ఆవిడకేం తెలుసండీ?"

"నాకు తెలుసు కదా."

 చంటిపిల్ల అక్కడ అన్న పక్కన ఉంది. ఈయన ఇక్కడ పెరుగన్నం దగ్గర ఆగిపోయారు. లోపల్లోపల తిట్టుకున్నాను. ఆయన గట్టున చతికిలబడి, సంచీ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. గొడుగు కూడా తెరవలేదు. ఆ తర్వాత లేచి, పంచె దులుపుకుని, మళ్ళీ పేట వైపు నడిచారు. వెనక నేను.

పెద్దావిడ గుమ్మం ఎదుట మట్టిలో కూర్చున్నారు. కుర్చీ లేదు, మంచం అడగలేదు. పేటలో జనం ఒక్కొక్కరే తలుపుల సందుల్లోంచి చూడ్డం మొదలుపెట్టారు. ఆవిడ బయటికొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"అమ్మా, నిన్నటి అంబలి ఇప్పుడిస్తావా?" అన్నారు.

"ఇప్పుడెందుకు? సూది కోసవేటి?"

నాకు భయమేసింది. ఇక్కడ ఏ మాట అంటే ఏమవుతుందో అని. కాదమ్మా, నీ అభిమానం కోసం అనొచ్చు. ఆ ఒక్క మాటతో గండం గడిచిపోవచ్చు. ఆయన అనలేదు.

"సగం సూది కోసమే తల్లీ. నీ మనవరాలికి టీకా పడకపోతే ఏమవుతుందో అని నిన్నట్నుంచీ నాకు తిండి సయించలేదు. మిగతా సగం ఎందుకో నాకే సరిగ్గా తెలీడం లేదు. నిన్న నువ్విచ్చింది లంచం కాదని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. మరి నేనెందుకు తాగలేదు? ఇందాక గట్టుమీద కూర్చుని అదే ఆలోచించాను. లంచం వల్లే కాదేమో. నేను పుట్టిన ఇంట్లో నాకు నేర్పింది ఇంకొకటుంది. అది కూడా ఆ చెంబులోనే ఉందేమో."

 ఆవిడ ఆయన్ని అలా చూస్తూ నిలబడింది. తర్వాత నా వైపు చూసింది, ఆ రోజు మొదటిసారి. "మీ బాబు నిజం సెప్తన్నాడేటి నాయనా?"

"ఆయనకి ఇంకోటి రాదు పెద్దమ్మా" అన్నాను. అనేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

ఆవిడ లోపలికెళ్ళి రెండు గిన్నెలు తెచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు రెండు చేతులా అందుకున్నారు. మొదటి గుక్క దిగలేదు. పొలమారింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తాగారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగారు. నేను నాది ఒక్క బిగిని తాగేశాను. మా ఇంటి అంబలి రుచే.

"నిదానం బాబూ, నిదానం. ఎవులూ లాక్కోరు" అంది పెద్దావిడ. ఆ మాటతో పేట తేలికపడింది. ఆవిడే కోడల్ని కేకేసింది. "ఒసే, పిల్లని తే. ఏడిస్తే ఏడుస్తాది."

ఆ చంటిది పేట లేచిపోయేలా ఏడ్చింది. ఇన్‌స్పెక్టరుగారు కోడలికి చెప్పారు, "అమ్మా, దీనికి జ్వరం వస్తుంది, చెయ్యి వాస్తుంది, భయపడకు" అని. ఆ తర్వాత పొద్దు వాలేదాకా నాకు తల ఎత్తడానికి తీరిక లేదు. ఇళ్ళకిళ్ళే వచ్చి చేతులు చాపాయి.

పిల్లకి టీకా చక్కగా పొంగింది, అమ్మవారు దాని జోలికి రాలేదు. పిల్లాడు కూడా బతికాడు, మొహం నిండా మచ్చలతో. కాని ఆ వరసలో చివరింటి ముసలాయన మాత్రం ఆ తర్వాత మశూచి సోకి పోయాడు. మొదటి రోజే తలుపులు తెరుచుకుని ఉంటే బతికేవాడా? తెలీదు. చూడనిది చెప్పొద్దన్నారు మా ఇన్‌స్పెక్టరుగారు. ఆయన మాత్రం ఆ ఇంటికి వెళ్ళి, ఆ ముసలాయన కొడుకుతో, "నావల్ల ఒక రోజు ఆలస్యమైంది నాయనా" అని చెప్పి వచ్చారు. ఎవరూ అడగలేదు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

పిల్లలూ, ఇదంతా చదివి ఆయన పట్టింపు తప్పని మీరు అనుకుంటే నా చేత చీవాట్లు తింటారు. ఆ తర్వాత కూడా ఆయన హోటళ్ళ పాలు పట్టే రోజున ఎవరి దగ్గరా కాఫీ ముట్టుకోలేదు. నేనూ అంతే, రిటైరయ్యేదాకా. అది మంచి పట్టింపే. కాని మంచి పట్టింపు వెనకాల ఇంకేదైనా దాక్కుని కూర్చుందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి. ఆయన చూసుకున్నారు. అంత పెద్దమనిషి, అంతమంది ముందు, మట్టిలో కూర్చుని చూసుకున్నారు. నిజాయితీ అంటే నాకు తెలిసింది ఆ మనిషే, అంతకు మించి సూత్రాలేవీ నా దగ్గర లేవు.

ఇక మిగిలింది ఆ రోజు తిరుగుదారి. బయల్దేరేముందు పెద్దావిడ ఆయన సంచీ వైపు వేలు చూపించింది. "ఆ సెంబులో నీళ్ళున్నాయేటి?" పొద్దున్నే అయిపోయాయన్నారు. "ఇలా తే" అని లాక్కుని, వాళ్ళ కుండలోంచి నింపి, మూత గట్టిగా బిగించి ఇచ్చింది.

రాజాం బస్సు కోసం గట్టమ్మట నడుస్తున్నాం. కొంతదూరం పోయాక ఆయన ఆగారు. "ఏవోయ్, రామతీర్థం దారిలో నీ సీసా పగిలిన రోజు, నేను చెంబు ఎందుకు తియ్యలేదంటావు?"

నేనూ ఆగాను. "మీ పట్టింపు కదండీ" అన్నాను.

"తీసుకోకూడదన్నది కదుటోయ్ పట్టింపు? ఇవ్వకూడదని ఎక్కడుంది?"

నేను నా సంచీ పట్టీ సర్దుకున్నాను.

"ఇందాక అంబలి తాగుతుంటే గొంతు పట్టేసింది, చూశావు కదా. లంచానికి భయపడేవాడికి గొంతెందుకు పట్టాలి?" అన్నారు. మొహం అవతలికి తిప్పుకున్నారు. "నిన్ను చాలా ఎండబెట్టానోయ్."

సంచీలోంచి చెంబు తీసి, మూత తిప్పి, నా చేతిలో పెట్టారు. నేను అలవాటుగా పైకెత్తి పోసుకోబోయాను. "అలా కాదు, కరుచుకుని తాగు" అన్నారు. పెదాలు ఆనించి తాగాను. ఆయన చెంబు తీసుకున్నారు. అంచు తుడవలేదు. తనూ పెదాలు ఆనించే తాగారు.

"ఇప్పుడూ గొంతు పట్టిందాండీ?" అన్నాను. ఎలా అడిగానో నాకే తెలీదు.

ఆయన కాసేపు ఆలోచించారు. అబద్ధమాడరు కదా.

"కాస్త పట్టిందోయ్" అన్నారు. చెంబు మళ్ళీ నాకిచ్చారు. "నువ్వు ఇంకో గుక్క తాగి ఇటియ్యి."